కాయ చూసే మనిషి

ఆయన కారం తినేవారు కాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. గుంటూరు మిరపకాయల కొట్లలో నలభై ఏళ్ళు కాయ చూసిన మనిషి మధ్యాహ్నం క్యారియరు విప్పితే పెరుగన్నం, పక్కన బెల్లం ముక్క. "పొద్దస్తమానం దాంతోనే కాపురం కదే, అన్నంలోకి కూడా అదేనా?" అని నవ్వేవారు. ఆ బెల్లంలో సగం విరిచి నాకు పెట్టేవారు. పోయిన మనిషి గురించి మంచి మాటే చెప్పవే అని మా అమ్మ పోరు పెడుతోంది కాబట్టి బెల్లంతో మొదలుపెట్టాను. చివరిదాకా ఇదే తీపి ఉంటుందని మాత్రం మాటివ్వలేను.

పేరు రాయను. కొట్టులో అందరం ఆయన్ని గుమస్తాగారు అనే పిలిచేవాళ్ళం. అసలు పేరు మిర్చి యార్డు చుట్టుపక్కల కావలసినంత మోగింది, ఇక నా చేత్తో కూడా మోగించే ఓపిక నాకు లేదు.

కాయ చూడటమంటే ఏమిటో ముందు చెప్పాలి. రైతు ఎండుమిరపకాయల బస్తాలు తెస్తాడు. వాటిని మా వైపు టిక్కీలంటారు. కొట్టు ముందు దింపి మూతి విప్పుతారు. కాయ చూసే మనిషి మోచేయి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. ఒక కాయని చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. వాసన చూస్తాడు. తర్వాత వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాడు. ఫస్టు, మీడియం, రంగు పోయిన కాయైతే తాలు, తడి కాయైతే చెమ్మ, ఏదో ఒకటి. రైతు ఏడాది కష్టం ఏ పాటిదో ఆ అరుపుతో తేలిపోతుంది. ఒకసారి అరిచాక ఆ మాట మారదు. కాయ చూసినవాడు మాట మార్చుకున్నాడని తెలిస్తే మర్నాటి నుంచి ఒక్క రైతు ఆ కొట్టు గడప తొక్కడు. అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, కానీ దాన్ని దాటినవాడు లేడు.

ఆయన వాసన చూసే తీరు చూసి తీరాలి. కాయల్ని దోసిట్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, తల కాస్త వెనక్కి వాల్చి, పొడుగ్గా ఊపిరి పీల్చేవారు. గుడిలో తీర్థం పుచ్చుకునేటప్పుడు కూడా ఆయన అంత భక్తిగా ఉండేవారు కాదేమో. ఆ రెండు నిమిషాలూ కొట్టు ముందు ఒక్కరు దగ్గితే ఒట్టు. అది చూడటానికే పక్క కొట్ల వాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. కళ్ళు తెరిచాక భుజం మీది తుండుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, అప్పుడు అరిచేవారు. "చెవిని మోసం చెయ్యొచ్చు, కంటిని మోసం చెయ్యొచ్చు, ముక్కుని మాత్రం ఎవడూ మోసం చెయ్యలేడు" అన్నది ఆయన రోజూ అనే మాట.

అది నిజమే. రైతుల్లో కొందరు బరువు కోసం కాయ మీద నీళ్ళు కొడతారు. మళ్ళీ ఒక పూట ఎండలో ఆరబెడితే పైతోలు ఎండిపోతుంది, విరిస్తే టప్పుమంటుంది. చెమ్మ లోపల గింజ దగ్గర దాక్కుంటుంది. దాన్ని పట్టేది ముక్కొక్కటే.

మాది ప్రత్తిపాడు పక్క పల్లె. నాన్న పత్తి చేలల్లో మందు కొట్టేవాడు. అమ్మ ఏటా సీజను మొదలవగానే తెల్లారి ఆటోలో గుంటూరు వచ్చి, కొట్టు వెనక రేకుల షెడ్డులో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. ముఖానికి గుడ్డ కట్టుకుని, అరచేతులకు ఆముదం రాసుకుని అలా నలభై ఏళ్ళు. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తెచ్చుకునేది. షెడ్డులోకి అడుగుపెట్టగానే అందరూ తుమ్ముతారు. నేను తుమ్మేదాన్ని కాదు. నాకు ఆ ఘాటులో రకరకాల వాసనలు విడివిడిగా తెలిసేవి. అందరికీ అలాగే తెలుస్తాయనుకునేదాన్ని.

నాలుగో తరగతి అయిన వేసవిలో ఒకరోజు, ముందు దింపిన బస్తాల పక్కన ఆడుకుంటూ అమ్మతో అన్నాను. "అమ్మా, ఈ బస్తాలో వాన వాసనొస్తోందే."

"నోర్మూసుకో" అంది అమ్మ. అమ్మకి రైతులంటే భయం, ఓనరంటే భయం, గుమస్తాగారంటే ఇంకా భయం.

ఆయన అక్కడే ఉన్నారు. నా మాట విని ఆగిపోయారు. బస్తా అడుక్కి చెయ్యి దూర్చి గుప్పెడు తీశారు. విరిచారు. టప్పుమంది. ఆ కాయల వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. తర్వాత అరిచారు, "చెమ్మ!"

ఆ రైతు నోరెత్తలేదు. నీళ్ళు కొట్టినవాడు నోరెలా ఎత్తుతాడు? గుమస్తాగారు నా ముందు గొంతుక్కూర్చుని, నా ముక్కు పట్టుకుని ఊపారు. "ఏమే ముక్కుపిల్లా! ఇదెక్కడ కొనుక్కొచ్చావే?" అన్నారు. షెడ్డులో ఆడవాళ్ళందరూ నవ్వారు. మా అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఘాటు వల్ల కాదు.

ఆ రోజు నుంచి ఆయనకి నన్ను పరీక్షించటం సరదా అయిపోయింది. అలా అనుకున్నాను. రోజూ నాలుగైదు బస్తాల్లోంచి ఒక్కో గుప్పెడు తెచ్చి షెడ్డు వెనక నన్ను కూర్చోబెట్టేవారు. "కళ్ళు ముయ్యి. ఇదేంటో చెప్పు. ఇదీ?" చెప్పేదాన్ని. "అవునా? బాగా చూశావా? మళ్ళీ చూడు" అనేవారు. తప్పో ఒప్పో చెప్పేవారు కాదు. "చివరికి చూద్దాంలే" అని బెల్లం ముక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. కాసేపటికి ముందు నుంచి ఆయన అరుపు వినిపించేది. నేను చెప్పిందే! నా మాట ఆయన మాటతో కలిసిందని ఎగిరి గంతేసేదాన్ని. ఐదు బస్తాలకి ఐదూ కలిసిన రోజు నాకు సంతోషంతో అన్నం దిగేది కాదు.

బళ్ళో మాస్టారు పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే పిల్లలందరూ డాక్టరు, పోలీసు, కలెక్టరు అన్నారు. నా వంతు రాగానే "కాయ చూస్తానండీ" అన్నాను.

"కాయా? ఏం కాయే? చింతకాయా?" అన్నారు మాస్టారు. క్లాసంతా గొల్లుమంది. చాలాకాలం నన్ను చింతకాయ అనే పిలిచారు. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. వీళ్ళెవరూ కొట్టు ముందు నిలబడి ఆయన కళ్ళు మూసుకోవటం చూడలేదు కదా. మా చర్చిలో కోతల పండుగకి కానుకగా వచ్చిన మిరపకాయల్ని ముట్టుకోకుండా ఏ బుట్ట ఆరలేదో చెప్పేశాను. పాస్టరు అయ్యగారు నవ్వి, నెత్తిన చెయ్యి పెట్టి, "ఈ పిల్లకి దేవుడు మంచి వరమే ఇచ్చాడు, దేనికో మరి" అన్నారు. దేనికో నాకు తెలుసు.

కొట్టు ముందు ఆయన కూర్చునే స్టూలు ఒకటుండేది. మూడు కాళ్ళ చెక్క స్టూలు. కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయింది. కాయ చూడని వేళ దాని మీదే కూర్చునేవారు, ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. నన్ను మాత్రం ఒకటి రెండుసార్లు ఎత్తి కూర్చోబెట్టారు. "నా తర్వాత ఇది నీదేనే ముక్కుపిల్లా" అన్నారు. పెద్దవాళ్ళు పిల్లలతో వంద అంటారు. ఆ వందలో ఒక్క మాట పట్టుకుని బతుకంతా వేలాడే పిల్లలుంటారని వాళ్ళకి తెలియదు. ఆయనకి తెలుసు. అదీ నా బాధ.

ఇంటరయ్యాక అమ్మ నర్సింగులో చేర్పిస్తానంది. చర్చివాళ్ళు సాయం చేస్తామన్నారు. అమ్మకి తెల్లబట్టల ఉద్యోగమంటే ప్రాణం. నేను వెళ్ళి గుమస్తాగారిని అడిగాను. ఆయన తుండుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"నర్సింగు చేస్తే ఎక్కడికో వెళ్ళిపోతావు కదే. ఇక్కడే బీకాం చెయ్యి. కొట్టులో కూర్చోవాలంటే ఈ రోజుల్లో డిగ్రీ ఉండాలి. శనివారాలు వస్తూ ఉండు, చెయ్యి ఆరిపోకూడదు."

అంతే, నర్సింగు అటకెక్కింది. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను గుంటూరు బ్రాడీపేటలో మా పిన్నివాళ్ళింట్లో ఉండి డిగ్రీ చదివాను. మూడేళ్ళూ ప్రతి శనివారం ఆటో ఎక్కి కొట్టుకి వచ్చేదాన్ని. ఆయన నాకోసం కాచుకుని ఉండేవారు. ఒక్కోసారి పదిహేను బస్తాల కాయ ఉండేది. నేను వచ్చే శనివారం దాకా రైతుల్ని ఆపి మరీ ఉంచేవారు. "అమ్మాయికి పాఠం చెప్పాలండీ" అని ఓనరుతో అనేవారట. చెరుకురసం తెప్పించి ఇచ్చేవారు. ఇంత పెద్దమనిషి నా ఒక్కదాని కోసం ఇంత తీరిక చేసుకుంటున్నాడే అని పొంగిపోయేదాన్ని. వట్టి పిచ్చిమొహాన్ని.

డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే ఆయన ఓనరుతో మాట్లాడారు. నేనే పోరు పెట్టాను లెండి, ఆయన ఇంకో ఏడాది ఆగుదామనే అన్నారు. అప్పటికి పెద్ద ఓనరు పోయి కొడుకు కూర్చున్నాడు. ఆడపిల్ల రైతుల మధ్య నిలబడి కాయ చూడటమేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. "సరే, చూద్దాం. పొద్దున గుమస్తాగారు చూసిన టిక్కీలే నాలుగు పెట్టించాను. అమ్మాయి ఏం చెబుతుందో సరిపోల్చుకుందాం" అన్నాడు ఓనరు.

నేను అమ్మ దాచిపెట్టిన గళ్ళ చీర కట్టుకుని వెళ్ళాను. మొదటి బస్తా ఫస్టన్నాను. రెండోది మీడియమన్నాను. మూడోది ఫస్టేగాని అడుగున కాస్త తాలు కలిపారన్నాను. మూడూ సరిపోయాయి. ఓనరు తల ఊపాడు. నాలుగో బస్తాలో చెయ్యి పెట్టగానే వాన వాసన వచ్చింది. పదేళ్ళ వయసులో వచ్చినంత స్పష్టంగా.

"దీనికి నీళ్ళు కొట్టారండీ. చెమ్మ."

ఓనరు గుమస్తాగారి వంక చూశాడు. పొద్దున దాన్ని ఆయన ఏమని అరిచారో నాకు తెలియదు. ఆయన వచ్చి బస్తాలో చెయ్యి పెట్టారు. దోసిలి పట్టారు. కళ్ళు మూసుకున్నారు. తల వెనక్కి వాల్చి, పొడుగ్గా ఊపిరి పీల్చారు. అంతసేపు వాసన చూడటం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు తెరిచి నా వంక కాకుండా ఓనరు వంక చూస్తూ అన్నారు.

"పొడి కాయేనండీ, చెమ్మ లేదు. అమ్మాయి తప్పు చూసింది."

ఆ బస్తా రైతు పకపకా నవ్వాడు. "ఏమ్మా, పొద్దున పెట్టుకున్న పూల వాసనేమో అది" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. గుమస్తాగారు నా భుజం తట్టి, "తొందరపడ్డావే" అని మెల్లగా అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! ఆ మెత్తదనం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు బస్సులో ప్రత్తిపాడు దాకా నా చేతులు నేనే వాసన చూసుకుంటూ వెళ్ళాను. వాన వాసన పోలేదు. పోలేదంటే నా ముక్కే చెడిందనుకున్నాను. అక్కడి నుంచి నాకు నా మీద నమ్మకం పోయింది. పొయ్యి మీద కూర మాడుతుంటే కూడా, "అమ్మా, మాడు వాసనొస్తోందా, నాకలా అనిపిస్తోందా?" అని అడిగేదాన్ని. మాకు తెలిసిన ఒకతను నన్ను చేసుకుంటానని వస్తే, వాడి దగ్గర ఏదో తేడాగా ఉందని లోపల అనిపిస్తూనే ఉంది. నాకనిపించింది ఏది నిజమైంది గనక అని తలూపాను. ఆ పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు, దాని సంగతి ఇక్కడ వద్దు. ఒక్క మాటతో మనిషి ఎంతదూరం చెడిపోతుందో చెప్పటానికి చెప్పాను.

ఓనరు ముందు అలా తప్పిన రెండు నెలలకి ఆయనే మా ఇంటికి వచ్చారు. గుమస్తాగారు మా పల్లెకి రావటం! అమ్మ చీర కొంగుతో కుర్చీ తుడిచింది. "ఓనరు కాళ్ళావేళ్ళా పడి ఒప్పించానే. కొట్టులో కంప్యూటరు దగ్గర కూర్చో. నేను అరిచిన గ్రేడు ఎక్కించాలి, అంతే పని. ఫ్యాను కింద ఉద్యోగం" అన్నారు. నేను ఆయన కాళ్ళకి దండం పెట్టాను. రాయటానికి సిగ్గేస్తోంది కానీ పెట్టాను. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ప్రతి క్రిస్మస్‌కీ మొదటి కేకు ముక్క ఆయన ఇంటికే పట్టుకెళ్ళాను.

పద్నాలుగేళ్ళు. లోపల గదిలో నేను, బయట ఆయన. పూటకి రెండు మూడుసార్లు జేబురుమాలు కొసల్లో కాయలు మూటగట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చేవారు. ఒక్కో బస్తా కాయకి ఒక్కో రకం ముడి. "ఏమే ముక్కుపిల్లా, ఏదీ, సరదాగా చూడు" అనేవారు. ఫెయిలైన పిల్లని ఊరడిస్తున్నారనుకునేదాన్ని. "మొదటిది ఫస్టండీ. రెండోది చెమ్మేమో అనిపిస్తోంది, నాకు సరిగ్గా తెలియదు" అనేదాన్ని. "ఊఁ, పర్లేదే, పూర్తిగా పోలేదు" అని నవ్వి వెళ్ళేవారు. కాసేపటికి బయట నుంచి అరుపు. "ఫస్టు!" "చెమ్మ!" నేను ఆ అరుపు విని, నా మాట ఈవాళ కూడా కలిసిందే అని సంతోషపడి, కంప్యూటరులో ఆయన పేరు పక్కన ఎక్కించేదాన్ని. ఒకరోజు కాదు, ఒక ఏడాది కాదు. నీకు బుర్ర లేదా అని మీరు అడగొచ్చు. లేదు. గౌరవం అంత గట్టిగా పట్టేసిన చోట బుర్ర పని చెయ్యదు.

ఈ సీజను మొదట్లో ఆయన పోయారు. నిద్రలోనే, ఎవరికీ కష్టం పెట్టకుండా. కొట్టు రెండు రోజులు మూశారు. యార్డులో సగం మంది శవం వెనక నడిచారు. నేను ఏడ్చినంత ఆయన కూతుళ్ళు ఏడ్చారో లేదో.

ఐదో రోజు పలకరించటానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఫోటో ముందు ఎవరో గుత్తుగా అగరొత్తులు వెలిగిస్తుంటే ఆవిడ విసుక్కున్నారు.

"ఎందుకర్రా అన్నేసి? బతికున్నప్పుడే ఆయనకి వాసన తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుందా?"

నాకు అర్థం కాలేదు. "ఎవరికండీ?" అన్నాను.

"ఆయనకేనమ్మా. నీకు తెలియదూ? ఓసారి గ్యాసు లీకై వంటిల్లంతా నిండిపోతే, ఆ పక్క గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మా పెద్దమ్మాయి పెళ్ళయిన ఏడు ఆయనకి విషజ్వరం వచ్చింది చూడు, అది తగ్గాక వాసన మరి తెలియలేదు. మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టినా అంతే. కొట్టులో ఎవరితోనూ అనొద్దు, కూడు పోతుందని నా చేత ఒట్టేయించుకున్నారు. ఇప్పుడింకేముందిలే."

వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి లడ్డు నేను తిన్నాను. షెడ్డులో అందరికీ పంచారు. నేను మూడో తరగతి. నా వాన వాసన ఆ మరుసటి వేసవి.

అంటే, నేను ఒక్కరోజు కూడా పరీక్ష రాయలేదు. ఆయన నన్ను పరీక్షించలేదు. ఆయనకి తెలియక అడిగారు. షెడ్డు వెనక, శనివారాల్లో, కంప్యూటరు టేబులు దగ్గర, పాతికేళ్ళూ అడుగుతూనే ఉన్నారు. నేను లేని రోజుల్లో కంటితో, చెవితో నెట్టుకొచ్చి, అనుమానమున్న కాయని నేనొచ్చేదాకా ఆపి ఉంచారు. నా మాట ఆయన మాటతో కలిసిందని నేను గంతులేసిన రోజుల్లో అక్కడున్నది ఒక్క మాటే. అది నాదే. నర్సింగు మానిపించింది నా మేలు కోసం కాదు, నేను ఎక్కడికో పోతే ఆయనకి పొద్దు గడవదని. నాలుగో బస్తా రోజు దోసిలి పట్టుకుని అంతసేపు కళ్ళు మూసుకున్నారే, అప్పుడు ఆయనకి ఏ వాసనా రాలేదు. బస్తా సంగతి ఆయనకి తెలియకపోవచ్చు. నా ముక్కు సంగతి తెలుసు. అది పదకొండేళ్ళలో ఒక్కసారి తప్పలేదని ఈ లోకంలో తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఆ మనిషి "అమ్మాయి తప్పు చూసింది" అన్నారు.

ఆవిడ కాఫీ ఇచ్చారు. తాగాను. ఏం చెయ్యను, మొగుడు పోయిన మనిషి ఇచ్చిన కాఫీ.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని అరచేతులకి ఆముదం రాసుకుంటోంది. పని మానేసి నాలుగేళ్ళయినా ఆ మంట తగ్గలేదంటుంది.

"అమ్మా, ఆ రోజు ఆ నాలుగో బస్తా ఏమైందే?" అన్నాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఏ బస్తా" అని అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు.

"ఇన్నాళ్ళకి అదెందుకే ఇప్పుడు?"

"నీకు తెలుసా?"

"తొడిమలు తియ్యటానికి మా షెడ్డుకే వచ్చింది. రెండు నెలలకి మూతి విప్పితే లోపలంతా నల్లటి బూజు. గుమస్తాగారు పరిగెత్తుకొచ్చారు. ఎవరికీ చెప్పకమ్మా, నీ కూతురికి ఫ్యాను కింద ఉద్యోగం ఇప్పించే పూచీ నాది అన్నారు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఏం చేసేదానివి? పోయి పోట్లాడేదానివి. నా కూలీ పోయేది, నీకు కుర్చీ వచ్చేది కాదు." అమ్మ గొంతు లేచింది. "నేను నలభై ఏళ్ళు ఆ ఘాటులో కూర్చున్నానే! నీకు ఫ్యానొస్తే చాలనుకున్నా. అదీ తప్పేనా?"

అమ్మ అరచేతులు చూశాను. ఆముదం సీసా మూత పెట్టి లోపలికి వెళ్ళి పడుకున్నాను. ఆయన మీద వచ్చినంత కోపం అమ్మ మీదా వచ్చింది. ఆయన మీదిది బయటికి కక్కగలను, అమ్మ మీదిది మింగాలి.

ఆయన వైపు నుంచి ఆలోచించు అని నాకు నేనే చెప్పుకున్నాను. ముగ్గురు ఆడపిల్లలు, వేరే పని చేతకాదు, జ్వరం తీసుకుపోయినదాన్ని ఎవరు మాత్రం తెచ్చివ్వగలరు. సరే. అదంతా నాకు అర్థమైంది. నన్ను అడిగి ఉంటే? "ముక్కుపిల్లా, నాకు వాసన పోయిందే, నువ్వు చెప్పు, నేను అరుస్తాను" అని ఒక్క మాట అని ఉంటే జన్మంతా చెప్పేదాన్ని. బెల్లం ముక్క కూడా అక్కర్లేకుండా చెప్పేదాన్ని. నా ముక్కుని వాడుకున్నందుకు కాదు నా ఏడుపు. అది చెడిపోయిందని నన్ను నమ్మించి మరీ వాడుకున్నారు.

మర్నాడు కొట్టుకి వెళ్ళాను. ఓనరుగారు కొత్తగా తేమ చూసే మీటరు తెప్పించారు. పొడుగాటి సూది బస్తాలో గుచ్చితే అంకె చూపిస్తుంది. "ఆయనంతటి మనిషిని ఎక్కడ తెస్తాం, దీనితోనే నెట్టుకురావాలి" అన్నారు. గోడ మీద మేకు కొట్టటానికి వీల్లేక గుమస్తాగారి ఫోటోకి దండ వేసి, కొట్టు ముందు స్టూలు మీదే నిలబెట్టారు. పక్కన అగరొత్తులు.

పర్చూరు వైపు నుంచి ఒక రైతు టిక్కీలు దింపాడు. మనిషి భారీగా ఉన్నాడు, గొంతు ఇంకా భారీగా ఉంది. ఓనరుగారు సూది గుచ్చారు, అంకె చూశారు, బాగానే ఉన్నట్టుంది. అరవటానికి గొంతు సవరించుకున్నారు. లోపల కంప్యూటరు ముందు కూర్చున్న నాకు, ఆ అగరొత్తుల వాసన దాటుకుని వాన వాసన వచ్చింది.

ఒకసారి అరిస్తే ఇక మారదు. లేచి ఒక్క ఉదుటున బయటికి వచ్చి, ఓనరుగారి పక్క నుంచి బస్తాలోకి మోచేయి దాకా చెయ్యి దూర్చాను. గుప్పెడు తీశాను. కళ్ళు మూసుకోలేదు. తల వాల్చలేదు. ఆ వేషాలు వాసన రానివాళ్ళకి కావాలి.

"చెమ్మ!" అని అరిచాను.

ముప్పై అయిదేళ్ళకి మొదటిసారి అరిచాను. గొంతు చీలిపోయింది. పక్క కొట్ల వాళ్ళు తలలు తిప్పారు. రైతు మొహం మాడిపోయింది. ఒక నిమిషం నన్ను కింది నుంచి పైదాకా చూసి, చివరికి నెత్తి గోక్కున్నాడు.

"నిన్న పొద్దున కొంచెం చిలకరించి ఆరబెట్టిన మాట నిజమేనమ్మా. పట్టేశావు." తర్వాత స్టూలు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మహానుభావుడు! పోతూ పోతూ కూడా విద్య ఎవరికో ఒకరికి ఇచ్చే పోయాడు."

"మరేమనుకున్నావు? చిన్నప్పటి నుంచీ ఆయన చేతి కింద పెరిగిన పిల్ల. అంతా ఆయన చలవే" అన్నారు ఓనరుగారు.

"కాదండీ" అన్నాను. "ఆయన నాకేం నేర్పలేదు. ఆయనకి వాసనే తెలియదు. పాతికేళ్ళు నన్ను అడిగి అరిచారు."

నా చేతులకి కారం. చెంప మీది చెమట తుడుచుకోబోయి కంట్లో పెట్టుకున్నానేమో, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు ఎగబీలుస్తున్నాను. వాళ్ళకి నా మాటలు ఎక్కలేదు, కన్నీళ్ళే కనపడ్డాయి.

"ఊరుకోమ్మా, ఊరుకో" అన్నారు ఓనరుగారు. "తండ్రిలాంటి మనిషి పోతే అలాగే ఉంటుంది, ఏదో ఒకటి నోటికొస్తుంది. కాసిని నీళ్ళు తాగు." రైతు కూడా తుండుతో కళ్ళద్దుకున్నాడు.

ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగాను. ఓనరుగారు మీటరు పక్కన పెట్టేసి ఇంకో టిక్కీ మూతి విప్పించారు. "ఇక నుంచి నువ్వే చూడు. ఆయన పేరు నిలబెట్టాలి" అన్నారు.

వెనక ఇంకా పదకొండు బస్తాలున్నాయి. కూర్చుందామని వెనక్కి తిరిగాను. స్టూలు మీద ఆయన ఉన్నారు.

నిలబడే చూశాను.